మాస్టారి జంటగీతల బ్రాకెట్టు

మా మాస్టారి లెక్కల పుస్తకాన్ని తప్పులతో అచ్చువేశారు. ఆ తప్పులు ఆయనవి కావు, నావీ కావు. బంక వాసన పోని కాపీ ఒళ్లో ఉంది; ఏ పుట తిప్పినా కడుపు మండుతోంది.

ఏడో తరగతితో బడి మానేసి, తెనాలిలో ఒక ప్రెస్సులో సీసపు అక్షరాలు పేర్చేవాణ్ణి. మాస్టారు బాపట్ల కాలేజీలో లెక్కలు చెప్పేవారు. ప్రూఫులు దిద్దడానికి పాసింజరెక్కి వచ్చేవారు. ఆయన పాఠాల్లో ఒక గుర్తుండేది: చదరపు బ్రాకెట్టే గాని నిలువు గీత జంటగా ఉంటుంది. అలాంటి అచ్చు మా దగ్గర లేదు. ఇత్తడి రేకు కోసి, ఆకురాయితో అరగదీసి నేనే చేశాను. ప్రూఫు చూసి ఆయన నవ్వారు.

“ఏంటయ్యా, భిన్నం తల నీ బ్రాకెట్టు దాటి బయటికొచ్చింది? వానొస్తే తడిసిపోదూ?”

“మీరు రాసింది నాకేం తెలుసండి? చదువుకున్నోణ్ణా?”

“తెలీకుండా పేరిస్తే నీ తప్పు నీకెప్పటికీ కనపడదు. ఇలా కూర్చో.”

ప్రూఫు వెనక మూడు పాయింట్ ఏడు అని రాసి, చుట్టూ జంటగీతలు గీశారు. “ఇందులో పెడితే తోక రాలిపోయి ఉత్త మూడు మిగులుద్ది. మామూలు బ్రాకెట్లో ఏదీ రాలదు.” నా చదువు అక్కడ మళ్లీ మొదలైంది.

సీసం పోయి కంప్యూటర్లొచ్చాయి. అరవై దాటాక, లెక్కల పుస్తకాలు కూర్చే లేటెక్ భాషను ఎవరూ చెప్పకుండానే నేర్చుకున్నాను. మాస్టారి పాఠాలన్నీ పుస్తకంగా కూరుస్తూ, ఆయన గుర్తుకు అందులో కొత్త ఆజ్ఞ రాశాను. మొదట గుర్తు వచ్చింది గాని, భిన్నం పెట్టగానే పొట్టిదైపోయింది. లోపలున్నదాని ఎత్తు చూసుకుని రెండు వైపులా తానే పెరిగేలా మళ్లీ రాయడానికి నెలలు పట్టింది. రేపల్లెలో మంచం పట్టిన ఆయనకు ల్యాప్‌టాప్ తీసుకెళ్లి చూపించాను.

“భిన్నం మీద భిన్నం పెట్టు. ఇంకోటి. ఊఁ, ఇంకోటి!”

బ్రాకెట్టు పెరుగుతూనే ఉంది. ఆయన నా చెయ్యి వదల్లేదు. “పుస్తకం నేను చూడను. ఇదొక్కటీ చెడకుండా చూడయ్యా.”

ఆయన పోయాక పుస్తకం ఫైలు ప్రచురణకర్తలకు పంపాను. వాళ్ల మూసలో అలాంటి గుర్తు లేదట. నా ఆజ్ఞ చెరిపేసి, పుస్తకమంతా మామూలు బ్రాకెట్లు నింపేశారు. రాలవలసిన తోకలన్నీ అలాగే ఉన్నాయి. ఆయన నిరూపించినవి అబద్ధాలయ్యాయి; అట్ట మీద పేరు మాత్రం ఆయనదే. తప్పు కనపడే కళ్లు ఇచ్చిపోయారు నాకు. దిద్దే చెయ్యి లేనప్పుడు ఆ కళ్లెందుకు?

పుట పుటకూ తప్పులు చూపిస్తూ మూడు ఉత్తరాలు రాశాను. నిన్న జవాబొచ్చింది:

“అయ్యా, మీ ఉత్తరాలు అందినవి. పుస్తకం కొన్నవారిలో ఇంతవరకు ఒక్కరూ తప్పు ఉన్నదని తెలుపలేదు. కావున మార్పు అవసరమని మేము భావించుట లేదు.”