ప్రైమరీ తెలియని మావయ్య

మా మావయ్య మొన్న మంగళవారం పొద్దున్న పోయాడు. కనకాలపేటలో వార్త విన్నవాళ్లు మొదట అడిగింది "ఎవరితో గొడవపడి?" అని. ఎవరితోనూ కాదు. ఎవరిమీదా చెయ్యి చేసుకోకుండా ఆయన పూర్తిచేసిన పని బహుశా ఇదొక్కటేనని సవినయంగా మనవి చేస్తున్నాను.

నాకు ఈత నేర్పింది ఆయనే. దరియాలతిప్ప దగ్గర పడవలోంచి గోదాట్లోకి విసిరేసి, "తన్నుకోరా! మునిగితే అప్పుడు చూద్దాం" అన్నాడు. తన్నుకున్నాను. ఈ నాలుగు ముక్కలు రాయడానికి మిగిలాను గనక కృతజ్ఞుణ్ని.

కిందటేడు ఆయన కాలేయంలో కేన్సర్ బయటపడింది. ఎక్కడో పుట్టి అక్కడికి పాకిందట. ఆ పుట్టినచోటును డాక్టర్లు ప్రైమరీ అంటారు. ఎన్ని పరీక్షలు చేసినా అది దొరకలేదు. "ప్రైమరీ తెలియడం లేదండి" అన్నాడు కుర్ర డాక్టరు, పాపం. రెండో తరగతిలో పంతులుగారి మీద పలక విసిరి బడి మానేసిన మావయ్యకి అది తన చదువు మీద మాటలా వినబడింది.

"నాకు ప్రైమరీ తెలీదంటాడా ఆడు!" అంటూ స్టూలెత్తాడు.

స్టూలు కాలు పట్టుకుని ఆపింది నర్సమ్మ. ఇలా మూలం దొరకని కేన్సర్ వచ్చినవాళ్లను కనిపెట్టుకుని ఉండడమే ఆవిడ ఉద్యోగం. "తెలియంది మీకు కాదు బాబాయిగారూ, మాకు" అంది.

స్టూలు దిగింది గానీ కోపం దిగలేదు. కొట్టడానికి ఎవరో ఒకరు కావాలి కదా! మెట్టకూరు చుట్టాలెవరో ఎండుచేపల వల్లే వస్తుందన్నారు. ఆ మధ్యాహ్నం మరుగుతున్న పులుసుగిన్నె అత్త కాళ్లమీదకి వెళ్లింది. "నువ్వే పెట్టి చంపావే నన్ను!" అత్త ఏడవలేదు. నమ్మేసింది. తిండీ నిద్రా మానేసింది.

తర్వాతి వారం ఆసుపత్రిలో ఆ బొబ్బలు నర్సమ్మ కంట పడ్డాయి. ముందు అత్తకి మందు రాయించి, తర్వాత ఫైలు తెచ్చి మావయ్య ఒళ్లో పడేసింది.

"స్కాన్లు తీశాం, ముక్క తీసి పరీక్ష చేశాం, ఇంతమంది డాక్టర్లు కూర్చుని చూశారు. మాకే దొరకలేదు. మీకు వంటింట్లో దొరికేసిందా? పిన్నిగారి తప్పని ఇందులో ఎక్కడుందో చూపించండి."

మావయ్య చెయ్యెత్తాడు. ఆవిడ కదల్లేదు.

"కొడితే కొట్టండి. కొట్టాకా తెలీదనే చెప్తాను."

చెయ్యి చాలాసేపు గాల్లో ఉండి, దిగింది.

"ఎందుకొచ్చిందో తెలీకుండా ఎలా చచ్చేదమ్మా?"

"మీలాంటి వాళ్లందరూ ఇదే అడుగుతారండి. నాదగ్గర జవాబు లేదు, ఫోన్ నంబరుంది. నొప్పొచ్చినా, భయమేసినా, ఎవర్నైనా తన్నాలనిపించినా ముందు నాకు చెయ్యండి."

చేశాడు. రోజూ చేశాడు. పాపం, ఆవిడ వినని బూతు లేదు. ఒకరోజు మాత్రం గొంతు తగ్గించి, "మా ఇంటిదానికేం సంబంధం లేదన్నమాట, అంతేనా?" అని అడిగాడు. "లేదండి" అందావిడ. ఫోను పెట్టేసి అత్తని పిలిచాడు. "ఏమే, నీవల్ల కాదంట. తెలీదంట."

మర్నాడు మధ్యాహ్నం నేను వెళ్లేసరికి మంచం పట్టె మీద తల ఆనించి అత్త నిద్రపోతోంది. మావయ్య ఎముకలు తేలిన చేత్తో దినపత్రిక ఊపుతూ, ఆవిడ మొహం మీద ఈగలు తోలుతున్నాడు. నేను నోరు తెరవబోయాను. రెండో చెయ్యి పిడికిలి బిగించి నాకు చూపించాడు. గొంతు లేకుండా, పెదాలతోనే అన్నాడు:

"లేపావంటే చంపేస్తాను."