తగరపు డబ్బాల్లో మేస్టారి సినిమాలు

మేస్టారి డిస్కులన్నీ కవర్లలోంచి తీసి కలిపేసింది నేనే. ఎవరి మీదా తోయను. మంచికే చేశాను, తప్పే చేశాను.

డిస్కుల మీద సినిమాలు దాచుకునే పిచ్చి ఉన్నవాళ్లం మా వైపు ఇద్దరమే మిగిలాం. టెక్కలిలో ఆయన, పలాస దాటి సముద్రం వైపు వచ్చే దారిలో మా ఊళ్లో నేను. ఆయన కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరయ్యాడు. నేను పలాసలో ఒక సినిమా హాలు గేటు దగ్గర నిలబడి టిక్కెట్లు చింపాను, ఆ హాలు మూసేసి కల్యాణ మండపం చేసేదాకా. అన్నేళ్లూ నాకు అక్షరం ముక్క రాదు. నేల టిక్కెట్టు ఏ రంగో, కుర్చీ టిక్కెట్టు ఏ రంగో తెలుసు. పని గడిచిపోయింది.

యాభై దాటాక నేర్చుకున్నాను. పెద్దవాళ్ల బడికి కొన్నాళ్లు వెళ్లాను గానీ, మిగతాదంతా నా ప్లేయరే నేర్పింది. పాత సినిమా పెట్టి, పేర్లు పడుతున్నప్పుడు రిమోటుతో ఆపి, టీవీ అద్దం మీద వేలు పెట్టి కూడబలుక్కునేవాణ్ణి. పాటలు, మాటలు, దుస్తులు, నృత్యం. 'నృత్యం' అన్న మాట దగ్గర ఒక పూటంతా సినిమా ఆగిపోయింది. నా భార్య పొయ్యి దగ్గర నుంచి వచ్చి చూసి, "బొమ్మ సచ్చిపోనాదేటి, కదల్దు?" అంది.

అక్షరాలు వచ్చాయని మేస్టారికి చెప్తే సంబరపడిపోయాడు. "ఇంకేటి బావా, ఇప్పుడు నా సినిమాలు కూడా నీకు బోధపడతాయి" అన్నాడు. ఆయన సినిమాలన్నీ ఎక్కడెక్కడి దేశాలవో. మాటలు ఒక భాష, కింద పడే అక్షరాలు ఇంగ్లీషు. నాకు వచ్చింది తెలుగు. ఆ ముక్క అప్పుడే చెప్పి ఉంటే సరిపోయేది. చెప్పలేదు. తలూపాను. ఒకసారి తలూపాక ఇక టెక్కలి వెళ్లిన ప్రతి ఆదివారం ఊపాల్సి వచ్చింది.

మా పద్ధతి ఏమిటంటే, ఒక ఆదివారం ఆయన మా ఇంటికి వస్తాడు, మరో ఆదివారం నేను టెక్కలి వెళ్తాను. ఎవరింట్లో చూస్తే వాళ్ల ఇష్టం. నచ్చినా నచ్చకపోయినా చివరిదాకా లేవకూడదు, టీకి తప్ప. నా ఇంట్లో నా నలుపు తెలుపు పౌరాణికాలు, పాటలు, గదాయుద్ధాలు. పాత సినిమాకి కొత్తగా రంగులద్దిన డిస్కు నా దగ్గర ఉంది, అది పెడితే ఆయన కళ్లు మూసుకుంటాడు. బస్టాండు దగ్గర దొరికిన మూడు సినిమాల డిస్కుని "కిచిడీ" అంటాడు. ఆయన సినిమాలో తెరకి పైనా కిందా నల్లపట్టీలుంటే నేను బొమ్మని పెద్దది చేసి తెర నింపేవాణ్ణి. "తలలు కోసెత్తన్నావు బావా, మనుషులు సచ్చిపోతారు!" అని రిమోటు లాక్కునేవాడు.

ఆయన సినిమాల్లో ఒకడు కిటికీ దగ్గర నిలబడతాడు. మనం టీ పెట్టుకుని తాగి గ్లాసు కడిగి వచ్చేసరికి వాడు ఇంకా అక్కడే ఉంటాడు. "వాడి బాధ చూడు" అంటాడు మేస్టారు. "బాధేటి, కాలు తిమ్మిరెక్కిపోతాది" అంటాను నేను. ఇలా పదిహేనేళ్ల పైన పోట్లాడుకున్నాం. ఊళ్లో మిగతావాళ్లంతా ఫోన్లలో చూసుకుంటారు. నాతో సినిమా గురించి పోట్లాడే మనిషి ఆయన ఒక్కడే.

ఆయనకి డిస్కులంటే ఎంత పట్టింపో కూడా చెప్పాలి. కోటబొమ్మాళిలో ఆయన స్నేహితుడొకడు డిస్కు తీసుకెళ్లి వేలిముద్రతో తిరిగిచ్చాడు. అంతే. ఆ ఇంటి గుమ్మం మళ్లీ తొక్కలేదు, వాళ్లింట్లో పెళ్లికి కూడా.

అలాంటి మనిషి తన ఇంటి మీద అంతస్తు వేయిస్తూ, సిమెంటు దుమ్ము పడుతుందని, డిస్కులన్నీ అట్టపెట్టెల్లో సర్ది ఆటోలో మా ఇంటికి తెచ్చాడు. నూట ఎనభై పైన ఉన్నాయి. "రెండు నెలలు బావా. ఇంకెవల్నీ నమ్మను" అన్నాడు.

మాది ఉప్పుగాలి. డిస్కు మీద తెల్లగా బూజు పట్టిందంటే ఇక అది పోయినట్టే. నా డిస్కులు నేను జీడిపప్పు పోసే పెద్ద తగరపు డబ్బాల్లో దాచుకుంటాను. నా భార్య పలాసలో జీడి ఫ్యాక్టరీలో పప్పు ఏరే పని చేసేది. పప్పు మెత్తబడకుండా ఎలా కట్టాలో ఆమెకు తెలుసు. డబ్బా ఎండలో ఆరబెట్టి, అడుగున వేయించిన బియ్యం మూట పెట్టి, డిస్కుకీ డిస్కుకీ మధ్య కాగితం వేసి, మూత బిగించి, అంచుకి మైనం పూస్తాం. నావి ఒక్కటీ పాడవలేదు. మేస్టారివీ అలాగే పెడదామనుకున్నాను. కవర్లంటే ప్లాస్టిక్ పెట్టెలు, వాటితో సహా డబ్బాలో పట్టవు. అందుకని డిస్కులన్నీ ఊడదీసి డబ్బాల్లో పేర్చాను. ఖాళీ పెట్టెలు మళ్లీ అట్టపెట్టెల్లో పడేశాను. పద్నాలుగు పెట్టెలకి పల్చటి ప్లాస్టిక్ కాగితం చుట్టి ఉంది. తడి తగలకుండా ఆయనే చుట్టుకున్నాడనుకుని అదీ చింపాను.

డిస్కు మీద పేరుంది, కవరు మీద పేరుంది, తర్వాత చదివి కలుపుకోవచ్చనుకున్నాను. అక్షరాలు లేటు వయసులో వచ్చినవాడి పొగరు అది. లోకంలో అక్షరమన్నది ఎక్కడున్నా నేను చదివేస్తాననుకున్నాను.

రెండో నెల చివర ఫోన్ వచ్చింది. "పనయిపోనాది. వచ్చే ఆదివారం కాక ఆ పై ఆదివారం వత్తాను."

డబ్బాలు తెరిచాను. బూజు లేదు, మెరుస్తున్నాయి. ఒకటి చేతిలోకి తీసుకుని పేరు చదవబోయాను. అప్పుడు తెలిసింది నేను ఏం చేశానో. అన్నీ ఇంగ్లీషు. సినిమా కింద పడే అక్షరాలు ఇంగ్లీషని తెలిసినా, పేర్లూ ఇంగ్లీషే ఉంటాయని నాకు తట్టలేదు. కొన్ని ఇంగ్లీషు కూడా కాదు, పురుగులు పాకినట్టున్నాయి. మేస్టారేమో ఒక్క వేలిముద్రకి స్నేహితుడి ఇంట్లో పెళ్లికి వెళ్లని మనిషి. ఇక ఏ ఆదివారమూ ఆయన ఆటో నా గుమ్మం ముందు ఆగదు.

ఎవరినైనా చదువుకున్నవాళ్లని పిలిస్తే పని అయిపోయేది. పిలిస్తే నాకు ఇంగ్లీషు రాదని ఊరంతా, ఆ తర్వాత టెక్కలంతా తెలుస్తుంది. పిలవలేదు. ఒక్కో డిస్కూ ప్లేయర్లో పెట్టి, కనిపించిన మొహాన్ని కవర్ల మీది మొహాలతో పోల్చడం మొదలుపెట్టాను. కవరు మీద ఉన్న ఆడమనిషి సినిమాలో గంటన్నరకి గానీ రాదు. ఒక కవరు మీద ఉత్త కుర్చీ ఉంది. కుర్చీ ఏ సినిమాలో లేదు చెప్పండి. ఆరు రోజులు ఉదయం నుంచి సాయంత్రం దాకా కూర్చుంటే ఇరవై రెండు కుదిరాయి.

ఏడో రోజు నా భార్య చాప పరిచింది. "లెగు. నువ్వు సేత్తే వచ్చే ఏడుకి గానీ అవదు."

"నీకు చదువొచ్చేటి?"

"సదువెందుకయ్యా? నువ్వు సదివి ఏటి ఉద్ధరించినావు?"

కవర్లన్నీ చాప మీద పరుచుకుంది. డిస్కు చేత్తో పట్టుకుని దాని మీది అక్షరాల వంకర చూస్తుంది, కవర్ల మీదుగా చూపు ఒకసారి తిప్పుతుంది, టక్కున ఒకదాని మీద పెడుతుంది. ముప్పై ఏళ్లు జీడిపప్పుని గుండు గుండులోకి, బద్ద బద్దలోకి, ముక్క ముక్కలోకి వేరు చేసిన కళ్లు. ఆమెకి అవి అక్షరాలు కావు, ఆకారాలు. "ఇదుగో, రెండు సున్నాలు, పక్కన కొడవలి. అదుగో రెండు సున్నాలు, కొడవలి." రెండు ఉదయాల్లో నూట యాభై కుదిర్చింది. నేను పక్కన కూర్చుని డిస్కులు తుడిచాను.

కవరు మీద ఒక రాత, డిస్కు మీద ఇంకో రాత ఉన్నవి తొమ్మిది మిగిలాయి. వాటిని ఇద్దరం కలిసి చూశాం. ఆమె కింది అక్షరాల వైపు చూడనే చూడదు, మొహాలు చూసి కథ చెప్పేస్తుంది. "ఈడు ఆ పిల్లని సేసుకోడు. సూడు, భయమేసింది ఆడికి." మరో సినిమాలో గంటసేపు చూసి, "ఈళ్లలో ఎవులూ అన్నం తినరేటి? అందుకే అలగ నీరసంగా నిలబడిపోతన్నారు" అంది. నవ్వాను. నవ్వుతూ గమనించాను, నేను రిమోటు ముట్టుకోలేదు. కిటికీ దగ్గరి మనిషి కిటికీ దగ్గరే ఉన్నాడు, నేను టీకి లేవలేదు. నచ్చిందని అనను. లేవబుద్ధి కాలేదు.

ఆ తొమ్మిదిలో ఎనిమిది తేలాయి. ఒకటే చిక్కు. కవరు మీద సముద్రం, దీపస్తంభం. డిస్కు వేస్తే సినిమాలోనూ దీపస్తంభమే. ఒక ముసలి కాపలాదారు, అతని కూతురు. ఈ కథ నాకు తెలుసు. తన దగ్గరున్న వాటన్నిట్లోకీ గొప్పదని మేస్టారు నాకు ఎన్నిసార్లు చెప్పాడో! చివర్లో కూతురు పడవెక్కి వెళ్లిపోతుంది, వెనక దీపం ఆరిపోతుంది, అది చూశాక మూడు రోజులు అన్నం సహించలేదు అనేవాడు. మేం చూసిన దాంట్లో కూతురు ఎక్కడికీ వెళ్లలేదు. చివరిదాకా తండ్రీ కూతురూ ఎదురెదురుగా కూర్చుని చేపలు శుభ్రం చేసుకున్నారు. దీపం వెలుగుతూనే ఉంది.

"ఇది అది కాదు" అన్నాను.

"అదే. కవరు మీది ముసిలోడి ముక్కు, ఈడి ముక్కు ఒకటే."

"మేస్టారు తప్పు చెప్తారేటి?"

ఆమె లేచి పొయ్యి దగ్గరికి వెళ్లింది. నేను ఆ డిస్కుని ఆ కవర్లోనే ఉంచి పక్కన పెట్టాను. అసలు డిస్కు నా చేతిలో ఎక్కడో పోయిందనే అనుకున్నాను. ఇల్లంతా వెతికాను. బియ్యం మూటలు కూడా విప్పాను.

ఆదివారం మేస్టారు వచ్చాడు. కాళ్లు కడుక్కుని కూర్చున్నాడు. మంచినీళ్లు తాగనిచ్చి చెప్పేశాను. డబ్బాల్లో పెట్టడం, కలిసిపోవడం, నాకు ఇంగ్లీషు రాకపోవడం, ఇన్నేళ్లూ తలూపడం, నా భార్య కుదర్చడం. "అన్నీ ఉన్నాయి మేస్టారూ. మీ దీపస్తంభం ఒకటే పోయింది. నా చేతిలోనే పోయింది. కోప్పడండి, తిట్టండి, రావడం మాత్రం మానకండి."

ఆయన కోప్పడలేదు. ఆ కవరు అటూ ఇటూ తిప్పాడు. పైన ప్లాస్టిక్ కాగితం లేదని చూసుకున్నాడు. మొహం ఎర్రబడింది.

"ఏటి పోనాది?"

"డిస్కు. ఇందులో ఉన్నది వేరే ఏదో. కూతురు పడవెక్కదు. చేపలు బాగు చేస్తాది."

మేస్టారు కవరు ఒళ్లో పెట్టుకున్నాడు. నా భార్య గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఆమెకి అప్పటికే తెలుసనుకుంటాను.

"పోలేదు బావా" అన్నాడు మేస్టారు. "అదే ఇది. నేనే చూడలేదు."

"చూడలేదా?"

"ఆ ప్లాస్టిక్ కాగితం ఉన్న పద్నాలుగూ చూడలేదు. కొన్ననాటి చుట్టు కూడా విప్పలేదు. కవరు వెనకాల రాసింది చదివాను. మిగతాది నేనే కల్పించుకున్నాను. అంత గొప్పదని అందరికీ చెప్పీసి, తీరా చూస్తే నాకు నచ్చకపోతే? అలగే ఉంచీసినాను."

"మరి మూడ్రోజులు అన్నం సయించకపోడం?" అంది నా భార్య.

"అది నిజమే చెల్లెమ్మా. అప్పుడు జ్వరం."

ముందు నవ్వింది ఆమే. తర్వాత ఆయన. నేను నవ్వలేకపోయాను, ఊపిరి తీసుకోవడంలో ఉన్నాను. పదకొండు రోజులుగా గుండె మీద కూర్చున్నది లేచి వెళ్లిపోయింది. ఆయనకి నా సంగతి తెలిసిపోయింది, నాకు ఆయన సంగతి. పైకి చెప్పడానికి ఇద్దరికీ ఇన్నేళ్లు పట్టడమే తెలివితక్కువతనం.

భోజనాలయ్యాక దీపస్తంభం పెట్టాం. ఈసారి కింద పడే అక్షరాలు ఆయన తెలుగులో పైకి చదివాడు. నేను అనుకున్న కథ ఇది కాదు. ముసలాయన కూతుర్ని పెళ్లి గురించి తిడుతున్నాడనుకున్నాను. అతను అడుగుతున్నది దీపంలో నూనె గురించి.

"మీరు చదవకపోతేనే బాగుంది మేస్టారూ" అన్నాను.

"నాకూ అలగే ఉంది" అన్నాడు. "పడవెక్కితేనే బాగుండేది."

"ఆ సేపలు బాగా తోమింది పిల్ల. అది నిజం" అంది నా భార్య.

ఆటో వచ్చింది. అట్టపెట్టెలు ఎక్కించడానికి నేను లేవబోతే మేస్టారు చెయ్యి పట్టుకున్నాడు. "డిస్కులు నీ దగ్గరే ఉండనీ బావా. ఇక్కడైతే బూజు పట్టవు, చూసేవాళ్లూ ఉన్నారు. కవర్లు మాత్రం పట్టుకుపోతాను. కొత్త అలమరా చేయించాను, ఖాళీగా ఉంటే బాగోదు."

డిస్కులన్నీ మళ్లీ డబ్బాల్లోకి తీసి, ఖాళీ పెట్టెలన్నీ ఆటోలో ఎక్కించాం. బరువు లేదు. ఆటో కదులుతుంటే మేస్టారు తల బయటపెట్టి అరిచాడు. "ఆ రంగులేసిన దాన్ని మట్టుకు నా సినిమాల డబ్బాలో కలపకు!"

కలిపాను. డబ్బాలో చోటుంది మరి.