పళ్ళు కొరికితే వచ్చిన నవ్వు

తొమ్మిదో నంబరు బస్సులో కండక్టరమ్మ ఎక్కిందంటే ఇక రేడియో అక్కర్లేదనేవారు. పద్దెనిమిదేళ్ళుగా ఆమె నోటికి తాళం పడింది లేదు. టికెట్టు చించి ఇస్తూనే ఒకరి మోకాలినొప్పి కనుక్కునేది. ఇంకొకరి పిల్ల పరీక్ష ఎలా రాసిందో అడిగేది. తలుపు దగ్గర వేలాడేవాళ్ళని, "లోపలికి రండి నాయనా, ఇక్కడ కూడా గాలి ఉంది" అని లాగేది.

అలాంటి మనిషికి చెవి కింద గడ్డ లేచింది. చెడ్డ గడ్డ. తీసేశారు. ప్రాణం దక్కింది గానీ, గడ్డలో చిక్కుకున్న నరాన్ని కూడా కోయక తప్పలేదు. కట్టు విప్పిన రోజు అద్దంలో ఎడమ సగం ముఖం జారిపోయి కనిపించింది. కన్ను మూతపడదు. నీళ్ళు తాగితే పెదవి మూల నుంచి కారిపోతాయి. ప, బ, మ పలకాలంటే పెదవిని వేలితో పట్టుకోవాలి. తిరిగి డ్యూటీలో చేరిన వారానికి ఒక పెద్దాయన, "ఏమ్మా, నన్ను చూసి మూతి తిప్పుతున్నావేం?" అన్నాడు. మర్నాడే ఆమె డిపోలో ప్రయాణికులు మర్చిపోయిన వస్తువుల గదికి మార్పించుకుంది. గొడుగులతో, చేతిసంచులతో మాట్లాడనక్కర్లేదు కదా.

భర్త దర్జీ. ఇంట్లో మాటలన్నీ ఆమెవే కాబట్టి, ఆమె మానేసేసరికి ఇల్లు మూగబోయింది. ఏడాది చూశాడు. ఇక తట్టుకోలేక, అక్కడా ఇక్కడా వాకబు చేసి, ముఖం కండరాలు సరిచేసే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాడు.

డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసింది. "తొడలోంచి చిన్న కండరం పట్టీ తీస్తాం. దాన్ని చెంపలో పెట్టి, పళ్ళు బిగించడానికి వాడే నరం కొమ్మ ఒకటి కలుపుతాం."

"ఏ దారంతో కుడతారండీ?" అన్నాడు దర్జీ.

"వెంట్రుక కంటే సన్నందండీ. మైక్రోస్కోపులో చూస్తూ కుట్టాలి."

ఆయన ముఖం వెలిగిపోయింది. "అతుకు వేసేటప్పుడు పోగులు ఎటు వాలుగా ఉన్నాయో చూసుకోవాలి కదండీ?"

"మేమూ ముందు అదే చూస్తామండీ."

కండక్టరమ్మ పెదవిని వేలితో పట్టుకుని మరీ అడిగింది. "అయితే ఇక నేను తొడ కొట్టాలంటే చెంప కొట్టుకోవాలా?"

ఏడాదిలో ఆమె వేసిన మొదటి జోకు అది. దర్జీ ముందు నవ్వి, తర్వాత కళ్ళు తుడుచుకున్నాడు.

ఆపరేషన్ తొమ్మిది గంటలు పట్టింది. కన్ను మూతపడేందుకు పై రెప్ప లోపల చిన్న బంగారు బిళ్ళ కూడా పెట్టారు. "ఇన్నేళ్ళలో మీరు చేయించని బంగారం డాక్టరమ్మ చేయించింది" అని ఆమె భర్తను ఆటపట్టించింది.

నాలుగు నెలలు ఆ చెంప ఉలకలేదు, పలకలేదు. నరం పాకాలి, ఓపిక పట్టాలి అన్నారు. రోజూ అద్దం ముందు కూర్చుని పళ్ళు బిగించడమే పని. ఐదో నెలలో ఒక ఉదయం దర్జీ ఏదో ఆలోచిస్తూ ఆమె యూనిఫాం చొక్కాను ఇస్త్రీపెట్టెతో కాల్చేశాడు. ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

"కళ్ళు ఎక్కడ పెట్టుకున్నారు?" అంటూ పళ్ళు పటపటా కొరికింది.

ఆయన నోరు తెరిచి చూస్తూ నిలబడ్డాడు.

"ఏమిటా చూపు?"

"నవ్వుతున్నావే!"

"నేను తిడుతుంటే నవ్వేమిటి?"

"ఎడం పక్క నవ్వుతోంది. ఒట్టు! ఇంకాస్త తిట్టు."

ఆమె అద్దం దగ్గరికి పరుగెత్తి పళ్ళు బిగించింది. పెదవి మూల చిటికెడంత పైకి లేచింది. వదిలితే దిగింది. మళ్ళీ బిగించింది. ఏడుపూ నవ్వూ ఒకేసారి ముంచుకొచ్చాయి.

అప్పటి నుంచి ఆ ఇంట్లో పోట్లాటలు పాడైపోయాయి. ఆమె కోపంతో పళ్ళు కొరికితే చెంప చిరునవ్వు నవ్వేది, అది చూసి ఆయన పగలబడి నవ్వేవాడు. మరో ఏడాదికి పళ్ళు కొరక్కుండానే నవ్వడం అలవాటైంది. తొమ్మిదో నంబరుకు తిరిగొచ్చిన రోజు పాత ప్రయాణికులు టికెట్టు మాటే మరిచి ఆమెనే చూస్తుండిపోయారు.

"ముఖం తర్వాత చూద్దురుగాని, ముందు కాస్త ముందుకు జరగండి!" అంది.

మొన్న చూపించుకోవడానికి వెళ్తే డాక్టరమ్మ తృప్తిగా తల ఊపింది. "ఇంకో చిన్న ఆపరేషన్ చేస్తే రెండు మూలలూ పూర్తిగా సమం అవుతాయి. ఆలోచించుకోండి."

కండక్టరమ్మ గోడ గడియారం చూసి లేచింది. "అమ్మో, నా మూడున్నర ట్రిప్పుకి వేరే మనిషి లేదండీ" అంటూ సంచీ భుజాన వేసుకుని మెట్లు దిగింది.