భవానీపురంలో మా అమ్మ పళ్ళు

ఆటోనగర్‌లో మా ల్యాబ్ పక్కనే గేర్‌బాక్సులు బాగుచేసే షెడ్డు ఉంది. ఆ షెడ్డు మేస్త్రి నేను కనబడ్డప్పుడల్లా ఒకటే మాట అంటాడు. "మీరూ పళ్ళే కోస్తారు, మేమూ పళ్ళే కోస్తాం మేడమ్. మావి లారీలకి, మీవి మనుషులకి, అంతే తేడా." మొదట్లో నవ్వేదాన్ని. పదిహేనేళ్ళు అదే జోకు వింటే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. అయినా ఆయన అన్నదాంట్లో తప్పేం లేదు. నేను పళ్ళ డాక్టర్ని కాను. డాక్టర్లు నోటి కొలతలు పంపిస్తే కంప్యూటర్లో పళ్ళు గీసి, మిషన్‌లో కోసి, డబ్బాలో పెట్టి పంపించే మనిషిని. నాకు మనుషులు తెలియరు, నోళ్ళు తెలుసు.

టైటానియం పనంతా నా చేతిమీదే నడుస్తుంది. అది సాసరంత బిళ్ళల్లో వస్తుంది. చూడ్డానికి ఇనుమే, ఎత్తితే ఆ బరువు ఉండదు. కొత్తగా పనిలో చేరినవాళ్ళు మొదటిసారి బిళ్ళ పట్టుకున్నప్పుడు ఉలిక్కిపడతారు. పళ్ళన్నీ పోయినవాళ్ళకి డాక్టర్లు దవడ ఎముకలో స్క్రూలు దించుతారు. వాటి మీద కూర్చోవడానికి ఈ బిళ్ళలోంచి వంపు తిరిగిన కమ్మీ ఒకటి కోసి, దానికి తెల్లటి పళ్ళు అతికిస్తాం. ఆ కమ్మీని మేం బార్ అంటాం. "బార్ రెడీ అయింది, పంపిస్తున్నా" అని నేను ఫోన్లో చెబుతుంటే ఆటోలో పక్కవాళ్ళు నా వంక అదోలా చూస్తారు. ఏ పన్ను ఎక్కడ ఉండాలో ముందు తేల్చుకుని, దాన్ని బట్టి బార్ కోయాలి. ప్లాస్టిక్ అయితే తర్వాత అరగదీసుకోవచ్చు, మైనమైతే కరిగించుకోవచ్చు. టైటానియం మాత్రం ఒకసారి కోశాక ఎవరి మాటా వినదు.

రెండేళ్ళ క్రితం వేసవిలో భవానీపురం నుంచి ఒక పెద్దావిడ కేసు వచ్చింది. రిటైరైన లెక్కల టీచరు. పై పళ్ళన్నీ పోయాయి. కొత్త వరస ఎలా ఉండాలో తెలియడానికి పాత ఫొటోలు పంపమన్నాను. ఇరవై దాకా పంపించారు. పెళ్ళిఫొటో నుంచి మనవరాలి అన్నప్రాశన దాకా ఒక్కదాంట్లోనూ ఆవిడ పెదవి విప్పలేదు. డాక్టరు గారికి ఫోన్ చేశాను.

"నవ్వే అలవాటు లేని మనిషమ్మా. ఏదో ఒకటి, సహజంగా ఉండేట్టు పెట్టెయ్," అన్నారు.

కంప్యూటర్లో రెడీమేడ్ వరసలు బోలెడున్నాయి. అన్నీ టూత్‌పేస్టు ప్రకటనల్లో పళ్ళే. అరవై దాటినావిడ నోట్లో అవి పెడితే సీరియల్ లైట్లు వేలాడదీసినట్టుంటుంది. అవీ ఇవీ వెతుకుతూ వెతుకుతూ 'అమ్మ' అని పేరున్న ఫైలు దగ్గర ఆగాను.

ల్యాబ్‌లో స్కానర్ కొన్న కొత్తల్లో, చేయి తిరగడం కోసం మా అమ్మని పిలిచి ఆవిడ నోటి అచ్చు తీసి స్కాన్ చేశాను. అచ్చు పడే ముద్ద నోట్లో పెట్టగానే ఓకరించి, "కన్నతల్లి నోట్లో సిమెంటు పోస్తావుటే, ఇదేం చదువే నీది!" అని తిట్టింది. పై వరసలో ఎడమవైపు ఒక పన్ను పక్కదాని మీదికి ఎక్కి ఉండేది. అది అదృష్టమని ఆవిడ ధీమా. ముందు రెండు పళ్ళ మధ్య సన్నటి సందు. ఆ సందులోంచి "స" అన్నప్పుడల్లా చిన్న ఈల వచ్చేది. చిన్నప్పుడు బడి నుంచి రాగానే ఆ ఈల వంటింట్లోంచి వినబడితే చాలు, అమ్మ ఇంట్లోనే ఉందని నిశ్చింతగా ఉండేది. ఈ కేసు వచ్చేనాటికి అమ్మ పోయి ఏడు నెలలు. చివరి పది రోజులూ నోట్లో గొట్టం పెట్టారు, ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

ఆ వరసని పెద్దావిడ కేసులో ఎందుకు పెట్టావంటే చెప్పడానికి నా దగ్గర కారణం లేదు. పెట్టాలనిపించింది, పెట్టేశాను. తప్పని తెలుసు. మామూలుగా ఒకరి పళ్ళ వరస ఇంకొకరి దవడ మీద కుదరాలంటే సాగదీయాలి, కుదించాలి, పూటంతా పడుతుంది. అమ్మ వరస మాత్రం నేను వేలు పెట్టకుండానే వెళ్ళి ఆ దవడ మీద కూర్చుంది. ఎప్పటినుంచో అక్కడే ఉన్నట్టు కూర్చుంది. అప్పుడే ఆపేసి ఉండాల్సింది.

ముందు ప్లాస్టిక్‌లో నమూనా చేసి పంపాను. ఆవిడ అద్దంలో చూసుకుని సరేనందట. "ఎక్కడ పట్టావమ్మా ఈ వరసని, పుట్టుకతో వచ్చిన పళ్ళలా ఉన్నాయి," అని డాక్టరు గారు మెచ్చుకున్నారు. నేను తేలు కుట్టిన దొంగలా ఫోన్ పెట్టేశాను. టైటానియం బిళ్ళ ఎక్కించి మిషన్ తలుపు వేసేశాను.

బిగించే రోజు డాక్టరు గారు నన్నూ క్లినిక్‌కి రమ్మన్నారు. కొత్త పళ్ళు పెట్టాక ఆయన అందరిచేతా ఒకటే మాట అనిపిస్తారు, సీతాఫలం. అందులో నాలుక పళ్ళ వెనక్కి వెళ్ళే "స" ఉంది, కింది పెదవి పై పళ్ళకి తగిలే "ఫ" ఉంది. ఆ రెండూ కుదిరితే పళ్ళు కుదిరినట్టే.

"సీతాఫలం అనండమ్మా."

"సీతాఫలం," అంది పెద్దావిడ.

ఈల వినబడింది.

డాక్టరు గారు తల వంచి విన్నారు. "కొంచెం గాలి పోతోంది. సర్దించమంటారా?"

"సర్లెండి, ఉండనివ్వండి," అంది ఆవిడ.

కృష్ణా జిల్లాలో సర్లెండి అనని మనిషి లేడు. కానీ ఆ ఈలతో అనే మనిషి ఒక్కతే, ఆవిడ లేదు. కళ్ళు పరాయివి, ముక్కు పరాయిది. ముక్కు కింది నుంచి మా అమ్మ. ఆ నోరు నా వైపు తిరిగి నవ్వింది. భయమేసింది. ఆ వెనకే, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, ఏడుపొచ్చేంత సంతోషం కలిగింది.

అక్కడితో ఊరుకుంటే గొడవే లేదు. నేను అబద్ధాలు మొదలుపెట్టాను. "పిన్నిగారూ, ఇది టైటానియం పనండీ. మొదట్లో రెండు వారాలకోసారి నేనొచ్చి చూసుకోవాలి," అన్నాను. చూసుకోవాల్సింది డాక్టరు, నేను కాదు. అయినా ఆదివారం మధ్యాహ్నం అన్నం తినగానే ఆటో ఎక్కి, వన్ టౌన్ దాటి భవానీపురం వెళ్ళేదాన్ని. ఆ ఇంట్లో పెద్దావిడ, ఆఫీసులో పనిచేసే కూతురు, మూడేళ్ళ మనవరాలు ఉంటారు. కాఫీ ఇచ్చేవారు. పై పళ్ళూ కింది పళ్ళూ ఎక్కడ తగులుతున్నాయో మరక పడే నీలం కాగితం పళ్ళ మధ్య పెట్టి కొరకమనేదాన్ని. ఆ తర్వాత మాట ఎలా పలుకుతోందో చూడాలని వంక పెట్టేదాన్ని.

"సొరకాయ అనండి పిన్నిగారూ. సాయంత్రం అనండి. సందు అనండి."

ఆవిడ ఎక్కాలు అప్పజెప్పినట్టు అనేది. నేను కళ్ళు మూసుకుని వినేదాన్ని. కళ్ళు తెరిచేసరికి ఆవిడ నవ్వుతూ ఉండేది. ఎప్పుడు వెళ్ళినా అంతే, నేను గుమ్మం ఎక్కేసరికే నవ్వు సిద్ధంగా ఉండేది. కళ్ళు మాత్రం నవ్వేవి కావు. అవి ఏదో అడుగుతున్నట్టు నా వంకే చూసేవి. మనవరాలు తలుపు చాటునుంచి తొంగి చూసేది గానీ గదిలోకి అడుగు పెట్టేది కాదు. ఇవన్నీ చూసి కూడా చూడనట్టు ఊరుకున్నాను. నాకు కావలసింది నాకు దొరుకుతోంది కదా.

ఐదోసారి వెళ్ళి వస్తుంటే కూతురు గేటుదాకా వెంట వచ్చింది.

"ఏమీ అనుకోకండి, ఒక మాట చెప్పాలండీ. అమ్మ నవ్వుతుంటే నాకు భయమేస్తోంది."

"కొత్త కదండీ, అలవాటయ్యేదాకా..."

"అలవాటు కాదండీ. బయటివాళ్ళ ముందు నవ్వేది కాదేమో గానీ మా అమ్మ ఇంట్లో నవ్వేది. నేను చూశాను కదా. ఇది ఆవిడ నవ్వు కాదు. ఆఫీసు నుంచి ఫోన్ చేస్తే ఇంకెవరో ఎత్తినట్టుంటోంది. రెండుసార్లు రాంగ్ నంబరనుకుని పెట్టేశాను. చంటిది అమ్మమ్మ పక్కన పడుకోవడం మానేసింది. ఎందుకే అంటే, అమ్మమ్మ నోట్లో వేరే అమ్మమ్మ ఉందంటోంది. మూడేళ్ళ పిల్ల అండీ, ఆ మాట దానికి ఎవరు నేర్పుతారు?"

నేను గేటు పట్టుకుని నిలబడ్డాను.

"డాక్టరు గారేమో అంతా బాగుందంటారు. నాకు మా అమ్మ కావాలండీ," అని ఏడ్చేసింది.

తల తీసేసినట్టయింది. ఆటోలో ఇంటికి వచ్చేంతసేపూ అదే మాట. మా అమ్మని తెచ్చుకోవడానికి ఇంకో కూతురి దగ్గర్నుంచి అమ్మని లాక్కున్నాను. ఆ పళ్ళు తీయించేస్తే మా అమ్మ నాకు రెండోసారి పోతుంది. తీయించకపోతే వాళ్ళ అమ్మ వాళ్ళకి బతికుండగానే పోతుంది. వారం రోజులు ఆలోచించాను. ఛీ, అందులో ఆలోచించడానికేముంది! అయినా వారం పట్టింది.

తర్వాతి ఆదివారం వెళ్ళేసరికి కూతురు పిల్లని తీసుకుని బజారుకెళ్ళింది. కరెంటు పోయింది. ఎండ రాకుండా పరదాలు దించిన హాల్లో పెద్దావిడ ఒక్కతే కుర్చీలో కూర్చుని ఉంది. నవ్వుతోంది. నేను కూర్చోకుండానే మొత్తం చెప్పేశాను. ఫైలు సంగతి, అమ్మ సంగతి, తనిఖీలని ఆడిన అబద్ధాల సంగతి.

ఆవిడ ఆశ్చర్యపోలేదు.

"మీ అమ్మగారా," అంది. "ఎవరో ఉన్నారని తెలుస్తూనే ఉందమ్మాయ్. రోజూ పొద్దున్నే అద్దం ముందు నించుని, ఎవరమ్మా మీరు, ఏం కావాలీ అని అడుగుతున్నా."

"ముందే చెప్పొచ్చు కదా పిన్నిగారూ."

"ఏమని చెప్పను? లెక్కల టీచర్ని, పిచ్చెక్కిందనరూ?" నోరు మాత్రం నవ్వుతూనే ఉంది. "ఇంకో సంగతి చెబుతా విను. నువ్వొచ్చినప్పుడల్లా నవ్వేది నేను కాదు. నాకసలు నవ్వే రావట్లేదు. నువ్వు గేటు తీసిన చప్పుడు వింటే చాలు, ఇవే నవ్వుతాయి. పెదవి మూద్దామన్నా మూతపడదు."

ఆ మాట అంటూ ఆవిడ రెండు వేళ్ళతో పై పెదవిని కిందికి లాగి పట్టుకుంది. వదలగానే అది మళ్ళీ పైకి పోయింది. బిగించిన టైటానియం కదలదు. ఆ సంగతి నాకన్నా బాగా తెలిసినవాళ్ళు ఈ ఊళ్ళో ఉండరు. అయినా ఆవిడ మాట నమ్మాను, ఇప్పటికీ నమ్ముతున్నాను.

"తీయించేద్దాం పిన్నిగారూ. కొత్తవి నేనే చేసిస్తాను."

"చెయ్యి. ఆ ఫైలో ఏదో అన్నావే, అది కూడా తీసెయ్. ఆవిణ్ణి ఇలా ఇంటింటికీ తిప్పకు తల్లీ."

డాక్టరు గారికి కూడా నిజం చెప్పాను. చెడామడా తిట్టారు. తిట్టించుకోవలసిందే. ఇక ఆవిడ సొంత పళ్ళు ఎలా ఉండేవో తెలియడం ఎలా? కూతురే దారి చూపించింది. "నావి అచ్చం అమ్మ పళ్ళేనని నాన్న ఎప్పుడూ ఏడిపించేవాడండీ," అంది. ఆవిణ్ణి ఆటోనగర్ రమ్మని నోటి అచ్చు తీశాను. కూతురి వరస తల్లి దవడ మీద ఓ పట్టాన కూర్చోలేదు. సాగదీసి, కుదించి, మళ్ళీ మొదలుపెట్టి, మూడు రోజులు తంటాలు పడ్డాను. మిషన్‌లో కొత్త బిళ్ళ ఎక్కించేముందు 'అమ్మ' ఫైలు చెరిపేశాను. నిజంగానేనా అని అడిగింది కంప్యూటరు. దానికేం తెలుసు, వెధవది. అవునన్నాను.

మార్చే రోజు కూతురూ మనవరాలూ కూడా వచ్చి గది గుమ్మం దగ్గర నిలబడ్డారు. డాక్టరు గారు చేతులు కడుక్కుంటుంటే పెద్దావిడ నా మణికట్టు పట్టుకుని దగ్గరికి లాగింది.

"తీసేముందు ఏమైనా అనమంటావా? నీ కోసం. ఏం చెబితే అది అంటాను," అంది మెల్లగా.

నన్ను మా అమ్మ ఒక పేరుతో పిలిచేది. మా అమ్మ తప్ప ఇంకెవరూ అలా పిలవలేదు. చెబితే ఆ నోరు ఇప్పుడు పిలుస్తుంది, ఆ ఈలతోనే పిలుస్తుంది. నాలుక చివరిదాకా వచ్చింది. నోరు తెరిచాను కూడా. మూడేళ్ళ పిల్ల తల్లి చీర పట్టుకుని నన్నే చూస్తోంది.

"ఏమీ వద్దు పిన్నిగారూ. నోరు తెరవండి, చాలు."

స్క్రూలు ఒక్కొక్కటే వచ్చేశాయి. డాక్టరు గారు బార్ తీసి, గుడ్డతో తుడిచి నా చేతిలో పెట్టారు. ఒంటి వేడి ఇంకా పోలేదు, వెచ్చగా ఉంది. గుప్పిట మూశాను. కొత్తవి బిగించాక పెద్దావిడ లేచి కూర్చుని నాలుకతో ఒకసారి తడుముకుంది. మనవరాలి వంక చూసి, "రావే బంగారం," అంది. కాస్త మొద్దుబారిన గొంతు, నేనెప్పుడూ వినని గొంతు. కూతురు "అమ్మా" అని భోరున ఏడుస్తూ వెళ్ళి పట్టుకుంది. పిల్ల కూడా పరిగెత్తింది.

వాళ్ళకి అడ్డం లేకుండా గోడవారకి జరిగి నిలబడ్డాను. ఆసుపత్రిలో ఆఖరి గంటలో నన్ను అమ్మ దగ్గరికి రానివ్వలేదు. ఈసారి పూర్తిగా చల్లబడేదాకా గుప్పిట్లో పట్టుకునే ఉన్నాను.