డిజైరబుల్‌కు నేను చెప్పిన అర్థం

పదకొండేళ్లుగా మోస్తున్నాను. నా భార్యకు చెప్పలేదు. స్టాఫ్‌రూములో పక్క కుర్చీలో కూర్చునే మనిషికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను. ఒక్క ఇంగ్లీషు మాటకు తప్పుడు అర్థం చెప్పి ఒక పిల్ల దారి మూసేశాను.

కర్నూలులో డిగ్రీ పిల్లలకు ఎకనామిక్స్ చెబుతాను. ఇంటర్లో లెక్కలు లేని హెచ్ఈసీ గ్రూపు తీసుకున్నారంటే లెక్కలు రానివాళ్లని మా దగ్గర ముద్ర. సుంకులమ్మ ఆ గ్రూపు నుంచే వచ్చింది. తెలుగు మీడియం. బోర్డు మీద నేను గీసిన డిమాండు రేఖ తప్పని ఒకరోజు భయపడుతూనే లేచి చెప్పింది. ఆమె చెప్పిందే సరి. నేను నవ్వాను. మనసారా నవ్వానా? లేదు.

ఫైనలియర్లో దూరపు యూనివర్సిటీ ఎమ్మే ఎంట్రెన్సు కాగితం తెచ్చింది. అందులో ఇంటర్ లెక్కల పక్కన డిజైరబుల్ అని ఉంది.

"ఈ మాటకు అర్థం ఏంది సార్? లెక్కలు లేకుంటే నేను రాయొచ్చా?"

ఉంటే మంచిది, లేకపోయినా రాయొచ్చు. అంతే దాని అర్థం. అదే పరీక్ష రెండుసార్లు రాసి తప్పినవాణ్ణి, నాకు తెలియదా?

"లెక్కలు ఉండాల్సిందే అని రాసినారమ్మా. నీకు కుదరదులే. బీఈడీ చేసుకో," అన్నాను.

"మీరు చెప్పినారు కాబట్టి సరిపోయె సార్. లేకుంటే శానా మోసపోతాంటి," అని దండం పెట్టి పోయింది.

ఆమె ఫీజు దండగ కాకుండా కాపాడానని ఏళ్ల తరబడి నాకు నేనే చెప్పుకున్నాను. అదీ అబద్ధమే. నాకు దక్కని సీటు లెక్కలు రాని గ్రూపు పిల్లకు మొదటిసారే దక్కుతుందేమోనని కడుపు మండింది.

సుంకులమ్మ ఇప్పుడు నందికొట్కూరులో ఒక ప్రైవేటు బడిలో చెబుతోంది. డీఎస్సీ కోసం చూస్తూనే ఉంది. పోయిన వారం, ఎకనామిక్స్ చదివితే ఏమేం ఉద్యోగాలొస్తాయో చెప్పమని మా కాలేజీలో నన్ను నిలబెట్టారు. బ్యాంకులు, గణాంక శాఖ, పరిశోధన సంస్థలు, ఇండియన్ ఎకనామిక్ సర్వీసు అని ఏకరువు పెట్టాను. ఆ సభకు సుంకులమ్మ తన అక్క కూతురిని వెంటబెట్టుకొని వచ్చింది. అదీ హెచ్ఈసీ పిల్లే, ఇప్పుడు బీఏ ఫైనలియరు.

"ఎమ్మే ఎంట్రెన్సు నేను రాయొచ్చా సార్?" అంది ఆ పిల్ల.

నేను నోరు తెరిచేలోపే సుంకులమ్మ అందుకుంది. "మనకు లెక్కలు లేవు గదా పాపా. సార్ నాకు ఎప్పుడో చెప్పినాడు."

పిల్ల నా వైపు చూసింది. నేను తలూపాను.

రెండోసారి కూడా! దరఖాస్తుకు ఇంకా నాలుగు రోజులు గడువుంది. నిజం చెబితే ఆ పిల్లకు దారి దొరుకుతుంది, కానీ తన బతుకును ఇట్లా చేసింది ఎవరో సుంకులమ్మకు అదే క్షణంలో తెలిసిపోతుంది. ఆ ముఖం చూడలేక ఇంకో పిల్లను బలిపెడతానా? ఏం మనిషిని నేను?

క్షమించమని అడగను. అడిగే మొహం లేదు. తెలిసే అబద్ధం చెప్పాను అని ఇన్నేళ్లలో మొదటిసారి రాశాను. రాశాక కాస్త ఊపిరాడుతోంది. సుంకులమ్మకు ఇంకా ఫోను చేయలేదు.