మేకుకు తగిలించిన వైరు

అరకులో మేం నలుగురు టీచర్లం ఒకే అద్దెయింట్లో ఉండేవాళ్లం. ఒక్క బ్రాడ్‌బ్యాండ్ లైను తీసుకుని, చిన్న స్విచ్ పెట్టె పెట్టి, నాలుగు కంప్యూటర్లకూ వైర్లు లాక్కున్నాం. వాన పడితే నెట్ నత్తనడకే. ఎవరు విసుక్కున్నా లెక్కల మాస్టారు లేచి, తన వైరు పీకి గోడమేకుకు తగిలించేవారు.

"నాది పీకేసినాను. బేగి కానిచ్చుకోండి."

మళ్లీ పెట్టుకోమని మేం చెప్పేదాకా పెట్టుకునేవారు కాదు. మేమేమో చెప్పడం మరిచిపోయేవాళ్లం.

ఒకసారి నేనేదో డౌన్‌లోడ్ చేసుకుంటున్నానని ఆ వైరు మూడు రోజులు మేకుకే వేలాడింది. నాలుగో రోజు ఆయన మెయిల్ తెరిచారు. గూడెం కొత్తవీధిలో, భార్యాబిడ్డలున్న ఊళ్లోనే, ఒక కాలేజీలో ఉద్యోగానికి ఇంటర్వ్యూకి రమ్మని ఉంది. ఆ తేదీ ముందురోజే దాటిపోయింది.

"ఒక్కమాట అడగొచ్చు కదా మాస్టారూ," అన్నాను.

"మీ పని అవతన్నాది కదా, మద్దిలో ఏటడుగుతాను?" అన్నారు. కంప్యూటర్ ఆపి, వైరు పీకి, మళ్లీ మేకుకు తగిలించి, అన్నం వార్చడానికి వెళ్లారు.

ఆ మూడు రోజులూ నేను డౌన్‌లోడ్ చేసుకున్నదేమిటో, ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు.