ఒత్తారాగారి డ్రిల్లు

ఆవిణ్ణి వీధివీధంతా 'ఒత్తారాగారు' అంటుంది, ఎదురుగా కాదు లెండి. ముందు గదిలో తమ్ముడు చేపలు అమ్ముతాడు. వెనక రేకుల షెడ్డులో ఈవిడ చేపల తొట్లకు బెజ్జాలు వేస్తుంది. నీళ్ళ గొట్టం దూరాలంటే గాజుకు బెజ్జం ఉండాలి కదా! ఇంట్లో మనమే వేసుకుందామని సరదాపడి, డ్రిల్లు గట్టిగా ఒత్తి గాజు పాడుచేసుకున్నవాళ్ళు కూడా చివరికి ఇక్కడికే వస్తారు. తొట్టి బల్ల మీద పెట్టీపెట్టకముందే ఆవిడ అడుగుతుంది.

"ఒత్తారా?"

"అబ్బే, ఒత్తలేదండీ!"

ఒక్కడంటే ఒక్కడు ఒప్పుకున్న పాపాన పోలేదు.

"మరి దానంతటదే పగిలిందా? గాజుకేం పొయ్యేకాలం?"

నోరు అలాంటిది గానీ చెయ్యి మంచిది. బెజ్జం అంచు పెచ్చులూడితే, డ్రిల్లు బిట్టు జారకుండా పైన చిల్లుచెక్క బిగించి, ఆ పెచ్చు కూడా కలిసిపోయేలా పెద్ద బెజ్జం వేస్తుంది. బెజ్జం తప్పు చోట పడితే లోపలి నుంచి గాజు బిళ్ళ పెట్టి సిలికాన్ జిగురుతో మూసేస్తుంది. పగులు పాకితే మాత్రం, "దీనికి మందు లేదు. గాజు పలక మార్చాల్సిందే," అంటుంది. ఎంత బతిమాలినా వినదు. పూసి పంపిస్తే ఏదో ఒకరోజు నీళ్ళూ చేపలూ ఇల్లంతా ఉంటాయి మరి.

గాజు వేడెక్కకుండా పక్కన నిలబడి సీసాతో నీళ్ళు పోసేది తమ్ముడి భార్య. కాపురానికి వచ్చిన కొత్తలో పట్టుకున్న సీసా, ఇంకా దించలేదు. డ్రిల్లు అడిగితే, "నీకప్పుడే ఏం తొందర మరదలా!" అని ఆడపడుచు నవ్వేస్తుంది.

నవ్వుతుంది గానీ, చాలాకాలంగా ఆవిడకు కుడి భుజం నొప్పి. ఎవరికీ చెప్పలేదు. చెబితే డ్రిల్లు పోతుంది. డ్రిల్లు పోతే ఆ ఇంట్లో తనెవరు? వయసు మీదపడ్డ ఆడపడుచు, అంతేగా! అందుకని చెయ్యి వణక్కుండా ఈ మధ్య డ్రిల్లు మీదికి ఒళ్ళు వాల్చడం మొదలుపెట్టింది.

ఆ రోజు ఒక బడివాళ్ళ పెద్ద తొట్టి బల్లెక్కింది. బిట్టు సగం దిగిందో లేదో, సర్రుమంటున్న చప్పుడు కీచుమంది.

"వదినా," అంది మరదలు.

ఆవిడ విననట్టే ఉంది. టిక్కుమంది గాజు. బెజ్జం నుంచి అంచుదాకా వెంట్రుకంత గీత.

ఆవిడ గబగబా తడి తుడిచింది. "గాజే మంచిది కాదు. నేను ఒత్తలేదు," అంది.

ఆ మాట ఎవరిదో నోరు దాటాక గానీ తట్టలేదు. సిగ్గేసింది. అయినా చెయ్యి జిగురు గొట్టం మీదికే పోయింది. లోపల బిళ్ళ వేసేస్తే ఎవడు చూడొచ్చాడు?

మరదలు సీసా బల్ల మీద పెట్టి, "పిల్లలు దాన్ని ఆనుకుని చూస్తారు వదినా," అంది.

ఆవిడ చేతిలోని గొట్టం వదిలేసి స్టూలు మీద కూలబడింది.

"ఒత్తానే. భుజం పనిచెయ్యట్లేదు."

"తెలుసు. చప్పుడు ఎప్పుడో మారింది."

"తెలిసీ చెప్పలేదేం?"

"చెబితే మీరు ఊరుకుంటారా?"

ఊరుకునేది కాదని ఆవిడకూ తెలుసు.

తమ్ముడు బడికి ఫోన్ చేసి గడువు అడిగాడు. పగిలిన పలక కోసి తీసేశారు. కొత్త పలక బల్ల మీద పరిచాక, ఆవిడ డ్రిల్లును మరదలి వైపు జరిపి, తను ఎడమ చేత్తో నీళ్ళ సీసా తీసుకుంది. చాలా బాధగానే ఉంది. అయినా నీళ్ళు పోస్తూ చప్పుడు వింటూ నిలబడింది.

కాసేపటికి గుండ్రటి గాజు ముక్క ఊడి కింద గుడ్డ మీద పడింది. ఆవిడ బెజ్జం అంచున వేలు తిప్పి చూసింది. ఒకచోట ఆవగింజంత పెచ్చు తగిలింది.

"ఒత్తావా?"

"చివర్లో కొంచెం ఒత్తాను వదినా."

ఆవిడ మరదలి మొహంలోకి ఓ క్షణం చూసింది.

"రెండో బెజ్జానికి ఒత్తకు," అని, సీసా నింపుకోవడానికి వెళ్ళింది.